కొండ పోరంబోకులో ఎన్ని ఉద్యోగాలున్నాయి?

గుంటూరు, పల్నాడు జిల్లాల కలెక్టర్లకు, గనుల, పర్యాటక, పంచాయతీరాజ్ శాఖల అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

మాది కొండవీటి కొండల వరుస కింద ఒక చిన్న ఊరు. పెళ్ళయ్యాక గుంటూరు వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. ఇక్కడ ఒక బడిలో సోషల్ చెబుతాను. అమ్మ ఇంకా ఊళ్ళోనే ఉంది కాబట్టి నెలకోసారైనా వెళ్ళివస్తుంటాను. ఊరికి దక్షిణాన ఒక మిట్ట ఉంది. దాన్ని గ్రావెల్ కోసం తవ్వుకుంటామని ఎవరో దరఖాస్తు పెట్టారని పోయిన నెల వెళ్ళినప్పుడు విన్నాను. అందుకే ఈ ఉత్తరం. రెవెన్యూ రికార్డులో ఆ మిట్ట పేరు ‘కొండ పోరంబోకు’. శిస్తు లేని ప్రభుత్వ భూమి అనే దానికి అర్థం. కానీ వినీ వినీ అందరి మనసుల్లో అది పనికిరాని నేల అయిపోయింది. మన లెక్క అక్కడే తప్పుతోందని నా బాధ.

మాకు ఇంతకుముందు తూర్పున ఇంకో మిట్ట ఉండేది. దాన్ని తవ్వేశారు. రోడ్లకు, వెంచర్లకు మట్టి కావాలన్నారు. ఊరి కుర్రాళ్ళకు పని దొరుకుతుందన్నారు. దొరికింది కూడా, దాచను. మా ఊరి వాళ్ళు ఏడుగురు అక్కడ పనిచేశారు. మా తమ్ముడు గేటు దగ్గర కూర్చుని టిప్పర్ల ట్రిప్పులు రాసుకునేవాడు. ప్రొక్లెయిన్ నడిపేవాళ్ళు, టిప్పర్ డ్రైవర్లు మాత్రం అందరూ బయటి ఊళ్ళవాళ్ళే. రెండున్నరేళ్ళకు మట్టి అయిపోయింది, పనీ అయిపోయింది. తమ్ముడు ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక గోడౌన్‌లో ప్యాకింగ్ చేస్తున్నాడు. మిట్ట ఉన్నచోట ఇప్పుడు గుంత ఉంది. వానాకాలం అందులో నీళ్ళు నిలిస్తే పిల్లలు దిగుతారేమోనని అమ్మకు ఒకటే టెన్షన్.

మొన్న సంక్రాంతి సెలవుల్లో అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఒక నోట్‌బుక్‌లో లెక్క రాశాను. ఆ తూర్పు మిట్ట ఉన్నప్పుడు దాని మీద ఆధారపడి ఎవరెవరు బతికారు? గొర్రెలు, మేకలు మేపే ఇళ్ళు మూడు. దసరా నుంచి దీపావళి దాకా సీతాఫలాలు కోసి గంపల్లో పెట్టుకుని నరసరావుపేట రోడ్డు మీద అమ్మిన ఆడవాళ్ళు ఆరుగురు. చీపురు గడ్డి కోసి కట్టలు కట్టిన ముసలమ్మలు ఇద్దరు. మిట్ట మీద పడిన వాన జారి కింద కుంటలో చేరేది. ఆ కుంట నిండితే చుట్టుపక్కల బావుల్లో నీళ్ళు ఊరేవి, ఆ బావుల కింద నాలుగు కుటుంబాలు కూరగాయలు పండించేవి. మిట్ట పోయాక కుంటకు నీళ్ళు రాలేదు. వీళ్ళలో ఎవరి పేరూ ఉద్యోగుల లెక్కలో ఉండదు. మట్టి తవ్వినందుకు ప్రభుత్వానికి కట్టిన సీనరేజీ రుసుము ఖజానా పుస్తకంలో ఉంటుంది, ఈ పదిహేను ఇళ్ళ సంపాదన ఏ పుస్తకంలోనూ ఉండదు. తరతరాలుగా సాగినది రెండున్నరేళ్ళతో ఆగిపోయింది.

నాది ఒక్క ఊరి బాధే అనుకోకండి. పల్లెల్లో పనులు ఎక్కడ పెరుగుతాయి, ఎక్కడ తరుగుతాయి అన్న ప్రశ్నను దేశదేశాల్లో పరిశీలించారు. అమెరికా వ్యవసాయ శాఖలో ఆర్థిక పరిశోధకుడు డేవిడ్ మెక్‌గ్రానహన్ 1999లో అక్కడి గ్రామీణ కౌంటీలను, అంటే మన జిల్లాల్లాంటివాటిని, ప్రకృతి లెక్కన కొలిచారు. చలికాలంలో ఎంత వెచ్చగా ఉంటుంది, చలికాలంలో ఎండ ఎంతసేపు కాస్తుంది, వేసవి ఎంత హాయిగా ఉంటుంది, వేసవిలో ఉక్క ఎంత తక్కువ, నేలలో కొండలు, ఎత్తుపల్లాలు ఎన్ని, నీళ్ళ విస్తీర్ణం ఎంత అన్న ఆరు విషయాలు చూశారు. 1970 నుంచి 1996 వరకు ఈ కొలతలో బాగా తక్కువ వచ్చిన కౌంటీల్లో జనాభా సగటున 1 శాతమే పెరిగింది. బాగా ఎక్కువ వచ్చిన చోట 120 శాతం పెరిగింది. ఉద్యోగాలు కూడా ప్రకృతి బాగున్న చోట్లే ఎక్కువగా పెరిగాయి, ఆ సంబంధం చివరి ఏళ్ళలో కొంత తగ్గినా. అంటే ఫ్యాక్టరీ వచ్చాక జనం వెళ్ళడం ఒక దారి అయితే, ఉండాలనిపించే చోటికి జనం ముందు వెళ్ళి, వాళ్ళ వెనక కొట్టు, బడి, ఆసుపత్రి, కట్టుబడి పని వెళ్ళడం ఇంకో దారి. మన ప్రణాళికల్లో ఎప్పుడూ మొదటి దారే కనిపిస్తుంది.

వాళ్ళ కొలబద్ద యథాతథంగా మనకు పనికిరాదు. అక్కడ మంచు కురుస్తుంది కాబట్టి చలికాలపు ఎండ అపురూపం. మనకు ఎండ ఏం కరువు? రెంటచింతల ఎండ పేపర్లకెక్కని వేసవి లేదు. బెజవాడ బ్లేజ్‌వాడ అనిపించుకుని ఎన్ని దశాబ్దాలయిందో. మనకు అపురూపమైనవి చల్లదనం, నీడ, నీళ్ళు, గాలి. ఇది కనిపెట్టడానికి పరిశోధన అక్కర్లేదు, డిసెంబరులో శనివారం రాత్రి గుంటూరు నుంచి, విజయవాడ నుంచి లంబసింగి బయల్దేరే కార్లను చూస్తే చాలు. ఇరవై ఏళ్ళ కిందట మనలో ఎంతమంది ఆ ఊరి పేరు విన్నారు? ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా పడుతుందని, పొగమంచు ఉంటుందని తెలిసింది, అంతే. ఇప్పుడు అక్కడ టెంట్లు వేసేవాళ్ళు, చలిమంట వేసి టీ అమ్మేవాళ్ళు, చెరువులవేనం దాకా జీపులు తోలేవాళ్ళు, స్ట్రాబెర్రీ పండించేవాళ్ళు ఉన్నారు. చలే అక్కడి పెట్టుబడి. పాడేరు, అరకు కొండల మీద చెట్ల నీడలో కాఫీ పండేదీ ఆ చల్లదనం వల్లే.

మన ఎండ మనకు శత్రువని నేను అనడం లేదు. గుంటూరుకు పేరు తెచ్చిందే ఎండ. జనవరి నుంచి మిరప కోతలు మొదలైతే కర్నూలు వైపు నుంచి కుటుంబాలు కుటుంబాలే పిల్లాపాపలతో వచ్చి చేల గట్ల మీద గుడారాలు వేసుకుంటాయి. కోసిన కాయ కల్లంలో పరిస్తే పది పదిహేను రోజులు ఎండాలి. ఆ ఎండ సరిగ్గా కాస్తేనే రంగు నిలుస్తుంది, నడుమ ఒక్క వాన పడితే తాలు మిగులుతుంది. ఆ కాయ మీద హమాలీ, తొడిమలు తీసే ఆడమనిషి, కోల్డ్ స్టోరేజీ వాచ్‌మన్, లారీ డ్రైవర్, కమీషన్ కొట్టు గుమస్తా ఇంతమంది బతుకుతున్నారు. ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్ మనకు వచ్చింది ఈ నల్లరేగడి, ఈ ఎండ కలిస్తేనే. వాతావరణానికీ ఉద్యోగానికీ ఉన్న సంబంధం గుంటూరు వాళ్ళకు కొత్తగా చెప్పాలా?

కానీ అదే ఎండ మేలో పని చేయనివ్వదు. యార్డుకే వేసవిలో దాదాపు నెల రోజులు సెలవులిస్తారు. ఉపాధి పనికి వెళ్ళే మా ఊరి ఆడవాళ్ళు తెల్లవారకముందే పార పట్టుకుని వెళ్ళి పదకొండులోపు వచ్చేస్తారు. 2015 మే నెల వడగాలులకు మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో చాలామంది ఎండలో పని తప్పని కూలీలు, ముసలివాళ్ళు. ఎండ వేడి వల్ల 2030 నాటికి మన దేశం పనిగంటల్లో 5.8 శాతం పోగొట్టుకుంటుందని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో అంచనా కట్టింది. 3.4 కోట్ల పూర్తికాలం ఉద్యోగాలతో అది సమానం. ఆ గంటలు పోయేది ఎక్కువగా పొలాల్లో, కట్టుబడి పనుల్లో. ఇక మేలో ఒక ఊళ్ళో చెరువుగట్టున నాలుగు మర్రిచెట్లు ఉండటం, ఊరి పక్క కొండ మీద పచ్చదనం ఉండటం అలంకారం ఎలా అవుతుంది? మనిషి ఇంకో గంట పని చేయగలిగే ఏర్పాటు అది. చెట్టు కొట్టేసి, కుంట పూడ్చేసి, ఆ తర్వాత చలివేంద్రం ప్రారంభించడం ఎన్నాళ్ళు?

మా పక్కనే ఉంది కాబట్టి కొండవీడు సంగతి ఎక్కువ రాస్తాను. రెడ్డిరాజుల రాజధాని. శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్న చోటు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు గెలిచిన దుర్గం. ఇంతటి చరిత్ర ఉన్నా, జనం నిజంగా ఎక్కేది కొండ కోసమే. పైన ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు ఒకదాని పక్కన ఒకటి, చుట్టూ కోట గోడలు, కింద మైదానమంతా కనిపిస్తుంది. ఘాట్ రోడ్డు వేశారు, అది చాలా మంచి పని. నేను మా పిల్లల్ని మూడుసార్లు తీసుకెళ్ళాను. ప్రతిసారీ ఒకటే జరిగింది. పైకి వెళ్ళాం, రెండు గంటలు తిరిగాం, ఆకలేసింది, కిందికి దిగి గుంటూరు వచ్చి తిన్నాం. కొండ కింద ఊళ్ళలో మేం ఖర్చుపెట్టింది సీతాఫలాల గంప దగ్గర వంద రూపాయలు. మా పిల్లలకు ఆ కోట కథ చెప్పగల మనిషి అక్కడ ఒక్కరైనా ఉంటే గంటకు మూడు వందలు సంతోషంగా ఇచ్చేదాన్ని. డిగ్రీ చదివి ఊళ్ళో ఖాళీగా ఉన్న పిల్లలు అక్కడ లేరా? ఉన్నారు. వాళ్ళకు నెల రోజులు శిక్షణ, ఒక గుర్తింపు కార్డు ఇచ్చేవాళ్ళు లేరు. జొన్నరొట్టె, పచ్చి పులుసు వండిపెట్టగల డ్వాక్రా ఆడవాళ్ళు లేరా? వాళ్ళకు ఒక షెడ్డు, ఒక కుళాయి లేవు.

ఉప్పలపాడుదీ అదే వరస. గుంటూరుకు కూతవేటు దూరం. ఊరి చెరువులో తుమ్మచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వందల గూళ్ళు కట్టుకుంటాయి. ఆ పక్షులు అక్కడ నిలవడానికి మొదటి కారణం వాటిని కొట్టని, అదిలించని ఆ ఊరివాళ్ళు. పక్షి రెట్ట వాసన, దోమలు భరించేది వాళ్ళు. ఫొటోలు తీసుకుని అరగంటలో తిరిగి వెళ్ళేది మనం. సూళ్ళూరుపేటలో పులికాట్, నేలపట్టు పక్షుల పేరు మీద ఫ్లెమింగో పండగ చేస్తున్నారు. ఉప్పలపాడుకు అంత పెద్ద పండగ వద్దు, చెరువు అంత రద్దీ తట్టుకోదు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా బడుల వారీగా పిల్లల్ని పంపే ఒక పట్టిక, మనిషికి పది రూపాయల టికెట్టు, ఆ డబ్బు నేరుగా పంచాయతీకి. దీనికి కోట్లు కావాలా?

సూర్యలంక మీ రెండు జిల్లాల పరిధిలోది కాదు, బాపట్లది. కానీ ఆదివారం అక్కడ కనిపించే జనంలో సగం మనవాళ్ళే కాబట్టి ఒక మాట. అక్కడ సముద్రం మింగిన పిల్లల వార్త చదివినప్పుడల్లా నాకు తోచేది, ఆ మత్స్యకార పల్లెల్లో ఈతలో ఆరితేరిన కుర్రాళ్ళు ఎంతమంది లేరు అని. వాళ్ళను ఏడాది పొడుగునా నెల జీతం మీద గజ ఈతగాళ్ళుగా పెట్టుకుంటే ప్రాణమూ నిలుస్తుంది, ఉద్యోగమూ అవుతుంది.

విజయవాడ పక్క కొండపల్లిని చూడండి. కొండ, చెట్టు, చేతిపని, బతుకు ఒక గొలుసుగా ఎలా ఉంటాయో అంత స్పష్టంగా చూపించే ఊరు ఇంకోటి నాకు తెలియదు. కొండపల్లి బొమ్మ తేలిగ్గా ఉండటానికి కారణం తెల్లపొణికి కర్ర. ఆ చెట్టు పెరిగేది ఆ కొండల అడవిలో. కర్రను సన్నని సెగ మీద ఆరబెట్టి, చెక్కి, చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, రంగులు వేస్తారు. ఇప్పుడు కర్ర దొరకడమే కష్టమైందని అక్కడి కళాకారులు ఎంతో కాలంగా మొత్తుకుంటున్నారు. చెట్టు పోతే బొమ్మ పోతుంది, బొమ్మ పోతే బొమ్మల కాలనీ ఖాళీ అవుతుంది. పొణికి మొక్కలు నాటడం అటవీశాఖ పని అనుకుంటాం, నిజానికి అది ఉపాధి శాఖ పని కూడా.

ఇంతవరకు చదివి, ‘సరే, రిసార్టులు తెస్తాం’ అనకండి. నాకు భయం అక్కడే. అందమైన చోటికి డబ్బు వచ్చినప్పుడు ముందు పెరిగేది ఎకరం ధర. కొండ కింద రెండెకరాల మెట్ట ఉన్న రైతుకు ఒక్కసారిగా కనిపించే డబ్బు ముందు ఇంకేదీ ఆనదు. అమ్ముతాడు, కూతురి పెళ్ళి చేస్తాడు, అప్పు తీరుస్తాడు, అయిదేళ్ళ తర్వాత అదే చేలో కట్టిన ఫాంహౌస్‌కు వాచ్‌మన్‌గా ఉంటాడు. గుంటూరు చుట్టుపక్కల ఇలాంటివాళ్ళు నాకే తెలిసినవాళ్ళున్నారు. ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది కాబట్టి గిరిజనుల భూమి బయటివాళ్ళు కొనలేరు. మైదానంలో మాకు అలాంటి అడ్డు లేదు. అందుకే కొండ చుట్టూ ఉన్న భూముల్లో ఏ ప్రాజెక్టు తెచ్చినా రైతు భూమి కౌలుకు ఇచ్చే పద్ధతి పెట్టండి, అమ్మించకండి. ఊరి ఇళ్ళలోనే ఒకటి రెండు గదులు అతిథులకు ఇచ్చుకునేలా అనుమతి తేలిక చేయండి. సెక్రటేరియట్ చుట్టూ తిరిగే పని లేకుండా ఊరి సచివాలయంలోనే ఒక్క కాగితంతో అయిపోవాలి.

కాపాడతామని చెప్పి జనాన్ని బయటికి నెట్టే పద్ధతి కూడా వద్దు. కొల్లేరు మన కళ్ళముందే ఉంది. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. సరస్సును మింగేస్తున్న ఆ చెరువులను తొలగించడం అవసరమే. కానీ ఆ చెరువుల మీద కూలి చేసుకుని బతికినవాళ్ళకు దాని బదులు ఏ పని చూపించామన్నది చాలామందికి అందని జవాబుగానే ఉండిపోయింది. ఈ రోజుకీ అక్కడ పక్షికీ మనిషికీ పోటీ అన్నట్టే మాట్లాడుకుంటున్నారు. నీళ్ళ చోటును నీళ్ళకు వదలకపోతే ఏమవుతుందో 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడకు చూపించింది. సింగ్‌నగర్‌లో నీళ్ళలో మునిగిన ఆటోలు, కుట్టుమిషన్లు, తోపుడుబళ్ళు ఒక్కొక్కటీ ఒక ఉద్యోగం.

నేను అడిగేది పెద్ద పథకం కాదు. ఒక గుట్టకో, కుంటకో లీజు ఇచ్చే ముందు తహసీల్దారు ఇచ్చే ఎన్‌ఓసీలో, అంటే అభ్యంతరం లేదనే పత్రంలో, ఇంకొక పేజీ చేర్చండి. ఈ చోటు మీద ఇప్పుడు ఎంతమంది, ఏడాదికి ఎన్ని నెలలు, ఏ పని చేసుకుని బతుకుతున్నారు, తవ్వాక ఎంతమందికి ఎన్నేళ్ళు పని దొరుకుతుంది అని ఆ పేజీలో ఉండాలి. ఆ పేజీని గ్రామసభలో గట్టిగా చదివి వినిపించాలి. గొర్రెల కాపరి, గంపల అమ్మ కూడా లేచి మాట్లాడాలి. అప్పుడు కూడా ఊరంతా తవ్వమనే అంటే తవ్వండి, నేను నోరెత్తను. మట్టి ఎవరికీ వద్దని నేననడం లేదు. రోడ్లు నాకూ కావాలి. మా ఇల్లు కట్టినప్పుడు పునాదిలో పోసింది కూడా ఏదో ఒక ఊరి గుట్టే. కానీ ఏ గుట్ట ఇవ్వొచ్చు, ఏది ఇవ్వకూడదు అన్నది టిప్పర్‌కు రోడ్డు ఎంత దగ్గర అన్నదాన్ని బట్టి తేలకూడదు.

ఇంకొకటి. ఏ నెలలో ఏ ఊరికి రావాలో చెప్పే సాదా పట్టిక ఒకటి పర్యాటక శాఖ వేయాలి. మన దగ్గర అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు తెల్లవారుజాములు ఎంత బాగుంటాయో మనకే గుర్తులేదు. మంచు పట్టిన మిరపచేలు, కార్తీకంలో కొండ మీద చెరువుల పక్క వనభోజనాలు, సీతాఫలం, ఆ తర్వాత రేగుపండ్లు. ఆ అయిదు నెలల్లో వచ్చే మనుషులు ఖర్చుపెట్టేది ఊళ్ళో మిగిలితే, వేసవిలో ఎండకు పని లేని రెండు నెలలు ఒక ఇల్లు గడుస్తుంది. మా తమ్ముడి లాంటివాళ్ళు అడిగేది అంతకన్నా ఎక్కువ కాదు. మొన్న ఫోన్‌లో వాడే అన్నాడు: “అక్కా, ఊళ్ళో నెలకు పన్నెండు వేలు వచ్చే పని ఉంటే చెప్పు, రేపే బస్సెక్కుతా.” హైదరాబాద్‌లో వాడికి వచ్చేది అంతకన్నా ఎక్కువే. గది అద్దె, తిండి, చార్జీలు పోను మిగిలేది మాత్రం అంత లేదు.

దక్షిణపు మిట్ట ఫైలు ఇప్పుడు మీ ఆఫీసుల్లో ఏ బల్ల మీద ఉందో నాకు తెలియదు. సంతకం పెట్టేముందు ఒక ఉదయం ఆరు గంటలకు మా ఊరు రండి. గుంటూరు నుంచి గంట ప్రయాణం. అమ్మ టీ పెడుతుంది. మిట్ట ఎక్కడానికి పది నిమిషాలు చాలు, మేకలు నడిచిన బాట ఉంది. పైకెక్కి పడమర చూస్తే కొండవీడు కోట గోడ కనిపిస్తుంది. తూర్పు చూస్తే ఆ గుంత కనిపిస్తుంది.

ఇట్లు,
కొండవీటి కొండల కింది ఊరి ఆడపడుచు,
గుంటూరు